పిలవని పేరంటం

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పొయ్యి మీద కుక్కరు పెట్టి వింటున్నవాళ్ళు మంట కాస్త తగ్గించుకోండి. ఇవాళ నేను చెప్పబోయేది వంట సంగతి కాదు, ఊరగాయ సంగతీ కాదు. అయినా చివరికి మీ చేత కాగితమూ పెన్సిలూ పట్టించే సంగతే.

పిలవని పేరంటానికి వెళ్ళకూడదని మన అమ్మలు మనకు చెప్పారు. మనం మన ఆడపిల్లలకు చెప్పాం. కానీ ఇప్పుడు మన ఇళ్ళల్లో ఒకటుంది. మనం ఎదురుగా కూర్చుని చూస్తుండగానే, మన పేరు చెప్పుకుని, మనం వెళ్ళమనని ఇళ్ళకు వెళ్ళి తలుపు తట్టి వస్తుంది. ఒక్కోసారి అక్కడినుంచి తాంబూలం కూడా పట్టుకొస్తుంది. ఆ ఖర్చు మాత్రం మన లెక్కలో రాస్తుంది. అదేమిటంటారా? ఫోనులోనూ కంప్యూటరులోనూ పేజీలు తెరిచి చూపిస్తుందే, బ్రౌజరు, అదన్నమాట. క్రోము అనండి, ఫైర్‌ఫాక్సు అనండి, సఫారీ అనండి, ఈ అలవాటు ఎంతో కొంత అన్నింటికీ ఉంది.

నేను పదో తరగతి వరకే చదువుకున్నదాన్ని. ఇలాంటి విషయం మాట్లాడడానికి ఈవిడకేం అర్హత ఉందని మీకు అనిపించవచ్చు. నాకున్న అర్హత ఒక్కటే. దీని మూలంగా నేను కన్నకొడుకును అనరాని మాట అన్నాను. అలాంటి మాట మీ ఇంట్లో ఎవరి నోటా రాకూడదనే ఇవాళ ఈ మైకు ముందు కూర్చున్నాను.

మాది బాన్సువాడ. ఒకప్పుడు నిజామాబాదు జిల్లా, 2016 అక్టోబరు నుంచి కామారెడ్డి జిల్లా. మావారికి ఎరువుల దుకాణం. పెద్దమ్మాయికి పెళ్ళయిపోయింది. చిన్నవాడు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వాడి చదువు కోసమే ఇంట్లో వైఫై డబ్బా పెట్టించాం.

ఒకరోజు నెట్టు మరీ నెమ్మదిగా వస్తోందని కనెక్షన్ ఇచ్చిన అబ్బాయిని పిలిపించాను. అతను డబ్బా లోపలి లెక్కలన్నీ తన ఫోనులో తెరిచి చూస్తున్నాడు. ఇంట్లో ఏ ఫోను, ఏ కంప్యూటరు ఏయే సైట్లను అడిగాయో పేర్ల పట్టీ ఒకటి కనిపించింది. చదువు తక్కువైనా ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలను కదా, వంగి చూశాను. మా వాడి కంప్యూటరుకు ఎదురుగా ఒక పేరుంది. డబ్బులు పెట్టి పేకాట ఆడే సైటు పేరు. ఒకసారి కాదు, ఏడెనిమిది సార్లుంది.

నా గుండె ఝల్లుమంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రంలో 2017లోనే నిషేధించారు. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది. చట్టం సంగతి అలా ఉంచండి. ఈ ఆటల్లో పడి అప్పులపాలైన ఇళ్ళ సంగతులు మనం పేపర్లలో చదవలేదా? దానికి తోడు, సరిగ్గా పది రోజుల కిందట పరీక్ష ఫీజుకని వాడి చేతికి డబ్బిచ్చాను. రసీదేదిరా అంటే, ఇంకా చేతికి రాలేదమ్మా అన్నాడు. ఇంకేముంది, ఆ తాడు కొస తెచ్చి ఈ తాడు కొసకు ముడి వేసుకున్నాను.

సాయంత్రం వాడు గడప తొక్కీ తొక్కకముందే అందుకున్నాను. "ఫీజు డబ్బులు ఎక్కడ తగలేశావురా? పేకాటలోనేనా?" అన్నాను. వాడు తెల్లబోయాడు. "నేను ఆడలేదమ్మా" అన్నాడు. "నువ్వు ఆడకపోతే మరి డబ్బా అబద్ధం చెబుతుందా?" అన్నాను. పక్కింటివాళ్ళకు వినపడేలాగానే అన్నాను.

ఆ మాటతో వాడు నోరు మూసుకున్నాడు. రెండు రోజులు మాతో కూర్చుని తినలేదు. పళ్ళెంలో తనే వడ్డించుకుని వాకిట్లోకి పోయి తినేవాడు. మా అత్తమ్మ మాత్రం నన్ను పిలిచి, "ముందుగాల పోరన్ని అడగాలె, తర్వాత తిట్టాలె. నువ్వు అడగకుంటనే పంచాయితీ తెంపితివి గద బిడ్డా" అంది. ఆవిడకు ఫోనులో నంబరు నొక్కడం కూడా రాదు. అయినా ఆ ఇంట్లో ఆరోజు సరిగ్గా ఆలోచించినది ఆవిడొక్కతే.

మా అక్క కూతురు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది. మూడో రోజు మామూలుగా కుశలం అడగడానికి ఫోను చేసింది. నేను ఆపుకోలేక అంతా చెప్పేశాను. అంతా విని, "చిన్నమ్మా, పట్టీలో పేరుంటే తమ్ముడు ఆ పేజీ తెరిచాడని కాదు. వాడి బ్రౌజరు ఆ పేరుకు అడ్రసు అడిగిందని, అంతే" అంది.

"వాడు నొక్కకుండా అదెందుకు అడుగుతుందే?" అన్నాను.

అప్పుడది నాకు ఓపిగ్గా చెప్పింది. అది చెప్పినదాన్ని నా మాటల్లో మీకు చెబుతాను.

మనం ఒక పేజీ తెరుస్తాం. అందులో ఇరవై లింకులుంటాయి. వాటిలో మనం ఒకటి నొక్కుతామో, ఏదీ నొక్కమో బ్రౌజరుకు తెలియదు. మనం నొక్కిన తర్వాత వెతకడం మొదలుపెడితే ఆలస్యమవుతుంది, మనం విసుక్కుంటాం. అందుకని నొక్కకముందే కొన్ని పనులు చేసి పెట్టుకుంటుంది. ముఖ్యంగా మూడు పనులు.

మొదటిది, అడ్రసులు అడిగి పెట్టుకోవడం. సైటుకు పేరనేది మనుషుల కోసం. యంత్రాలకు అంకెల్లో ఉండే అడ్రసు కావాలి. ఫలానా పేరుకు ఫలానా అంకెలు అని చెప్పే ఏర్పాటును డీఎన్‌ఎస్ అంటారు. పేజీలో కనిపించిన లింకుల పేర్లకు ముందుగానే అంకెలు అడిగి పెట్టుకోవడం బ్రౌజరుకు అలవాటు. మా డబ్బా పట్టీలో పడింది ఈ అడగడమే.

ఇలా అనుకోండి. మా ఊరికి కొత్తగా వచ్చిన మనిషి బస్టాండులో నిలబడి, "గుడి ఎటు? బడి ఎటు? కల్లు దుకాణం ఎటు?" అని మూడూ ఒకేసారి అడిగి పెట్టుకున్నాడు. వెళ్ళింది గుడికే. కానీ దారి చెప్పినవాళ్ళు ఏమంటారు? "ఆయన కల్లు దుకాణం అడిగాడమ్మా" అంటారు. అడిగిన మాట నిజమే. తాగాడన్నది మాత్రం మనం కలుపుకున్నది.

రెండో పని, ముందుగా సంబంధం కలిపి ఉంచడం. కంప్యూటరులో లింకు మీద మౌసు బాణం ఆగితే చాలు, నొక్కకముందే ఆ సైటుకు కనెక్షన్ కలుపుతుంది. ఫోను చేసి, అవతలివాళ్ళు ఎత్తాక ఏమీ మాట్లాడకుండా పట్టుకుని నిలబడ్డట్టు అన్నమాట.

మూడో పని, పేజీనే తెచ్చి దాచిపెట్టడం. పేజీ తయారు చేసినవాళ్ళు, "ఇది చదివినవాళ్ళు తర్వాత అది చదవవచ్చు, తీరిక దొరికినప్పుడు తెచ్చి ఉంచు" అని బ్రౌజరు చెవిలో ఒక మాట వేస్తారు. ఆ మాట తెర మీద మనకు కనిపించదు. దీన్ని ప్రీఫెచ్ అంటారు. కొన్ని బ్రౌజర్లు ఇంకొక అడుగు ముందుకేసి, అడ్రసు గడిలో మనం రెండు మూడక్షరాలు కొట్టేసరికే, రోజూ వెళ్ళే చోటే కదా అని, మొత్తం పేజీని తెర వెనకాల సిద్ధం చేసేస్తాయి. దాన్నే ప్రీలోడ్ అంటున్నారు.

"నమ్మకం లేకపోతే నువ్వే చూసుకో చిన్నమ్మా" అంది మా అక్క కూతురు. ఆదివారం నాడు చూశాం. కనెక్షన్ అబ్బాయి చేత ఆ పట్టీ తెరవడం నేర్చుకున్నాను. మా వాడు కంప్యూటరు తెచ్చి నా ముందు పెట్టి, మాట్లాడకుండా పక్కన నిలబడ్డాడు. వాడు రోజూ చూసే క్రికెట్ స్కోర్ల పేజీ తెరిచాం. అదొక పాతకాలపు చిన్న సైటు. ఒక మూల ఆ పేకాట సైటుకు లింకుంది. "ఎవరూ చెయ్యి పెట్టకండి" అంది ఫోనులోంచి అమ్మాయి. ఐదు నిమిషాలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. పట్టీ తెరిచి చూస్తే ఆ పేరు వచ్చి పడి ఉంది! బ్రౌజరులో హిస్టరీ అని ఉంటుంది, మనం తెరిచిన పేజీలు మాత్రం రాసి పెట్టుకునే చోటు. అందులో చూస్తే స్కోర్ల పేజీ ఉంది గానీ పేకాట పేరు లేదు.

తర్వాత ఆ అమ్మాయి చెప్పిన సెట్టింగులు మార్చాం. ఒకసారి అడిగిన అడ్రసును కొంతసేపు గుర్తు పెట్టుకుంటుందట. అందుకని కంప్యూటరునూ డబ్బానూ రెండింటినీ ఆపి మళ్ళీ వేశాం. మళ్ళీ అదే పేజీ, మళ్ళీ ఐదు నిమిషాలు. ఈసారి పేకాట పేరు రాలేదు. ప్రకటనల కంపెనీల పేర్లు నాలుగైదు మాత్రం వస్తూనే ఉన్నాయి. అవి పేజీలో భాగంగా వచ్చే బొమ్మలు కాబట్టి ఈ సెట్టింగుతో ఆగవని చెప్పింది.

డబ్బా అబద్ధం చెప్పలేదు సోదరీమణులారా. నేనే దాన్ని తప్పుగా చదివాను.

అసలీ అలవాటు బ్రౌజర్లకు ఎవరు నేర్పారని మీకు అనిపిస్తుంది. చెడు బుద్ధితో పెట్టిందేమీ కాదు. టెలిఫోను తీగ మీద ఒక పేజీ రావడానికి నిమిషాలు పట్టే రోజుల్లో, మనిషి చదువుకుంటున్నంతసేపూ తీగ ఖాళీగా ఉంటోంది కదా, ఆ తీరికలో తర్వాతి పేజీ తెచ్చి పెడితే మేలు కదా అనుకున్నారు. 2002లో వచ్చిన మొజిల్లా 1.2 అనే బ్రౌజరులో ఈ ప్రీఫెచ్ ఏర్పాటు ఉంది. ఆ మొజిల్లా వారి ఫైర్‌ఫాక్సే 2004 నవంబరులో 1.0గా వచ్చింది. 2005 మార్చిలో గూగుల్ వారు తమ వెతుకులాటలో కొన్నింటికి మొట్టమొదటి ఫలితాన్ని నొక్కకముందే తెచ్చి పెట్టుకోమని ఫైర్‌ఫాక్సుకు చెప్పడం మొదలుపెట్టారు. మీరు వెళ్ళని సైట్ల గుర్తులు, అవే కుకీలంటారు, మీ కంప్యూటరులో చేరవచ్చునని కూడా వాళ్ళే చెప్పారు. 2008 సెప్టెంబరులో వచ్చిన క్రోము అడ్రసులు ముందే అడిగే అలవాటుతోనే పుట్టింది. 2009లో ఫైర్‌ఫాక్సు 3.5 కూడా అదే దారి పట్టింది.

ఈ ముందస్తు పని ఎంత దూరం పోగలదో తెలియాలంటే 2005 మే నెలలో జరిగింది వినాలి. గూగుల్ వారు వెబ్ యాక్సిలరేటర్ అని ఒక కొత్త పరికరం విడుదల చేశారు. పేజీలు తొందరగా రావాలని అది పేజీలోని లింకులన్నింటినీ మనకంటే ముందే నొక్కి చూసేది. థర్టీసెవెన్ సిగ్నల్స్ అనే కంపెనీవారిది బ్యాక్‌ప్యాక్ అని ఒక సైటుండేది. జనం తమ నోట్సులూ పనుల జాబితాలూ అందులో రాసుకునేవారు. రాసుకున్నది అక్కర్లేకపోతే తీసెయ్యడానికి పక్కనే "డిలీట్" అని లింకుండేది. పాపం ఆ యంత్రానికి ఏది చదివే లింకో, ఏది చెరిపే లింకో ఏం తెలుసు? అన్నింటినీ నొక్కుకుంటూ పోయింది. జనం రాసుకున్నవి మాయమైపోయాయి. చెరపమని ఎవరూ చెప్పలేదు. సైటువాళ్ళు మాత్రం ఏమనుకోవాలి? ఆ మనిషి పేరుతో లోపలికి వచ్చినవారే నొక్కినట్టుంది కదా! తప్పు ఎవరిదని పెద్ద వాదులాట జరిగింది. చెరిపే పనిని ఉత్త లింకు మీద పెట్టకూడదన్నది దాంతో అందరికీ గట్టిగా గుర్తుకొచ్చింది. ఆ పరికరాన్ని 2008 జనవరిలో గూగుల్ వారు ఆపేశారు.

అంత పెద్ద కంపెనీలవాళ్ళకే యంత్రం నొక్కినదేదో మనిషి నొక్కినదేదో తేడా తెలియకపోతే, వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి పట్టీలోకి తొంగి చూసిన నాకేం తెలుస్తుంది?

ఇక నష్టం ఎంత అన్న సంగతి. ఉన్నదానికంటే పెంచి చెప్పను. ఒక అడ్రసు అడగడానికి అయ్యే డేటా చాలా స్వల్పం. పేజీకి పేజీ తెచ్చిపెడితే కాస్త ఎక్కువవుతుంది. మీ రోజువారీ ప్యాకు మధ్యాహ్నానికే అయిపోతుంటే మాత్రం అసలు దొంగ ఇదే అనుకోకండి. వాటంతట అవే ఆడే వీడియోలూ, వెనకాల దిగే యాప్ అప్‌డేట్లూ దీనికంటే ఎక్కువ తింటాయి. ఈ అలవాటు వల్ల అసలు నష్టం డబ్బులో కాదు, పేరులో. మీరు వెళ్ళని చోటికి మీరు వెళ్ళినట్టు ఒక జాడ మిగులుతుంది. అది ఇంటి డబ్బా పట్టీలో కావచ్చు, ఆఫీసులో లెక్కలు చూసేవాళ్ళ దగ్గర కావచ్చు, పేజీకి పేజీ తెచ్చినప్పుడు ఆ సైటువాళ్ళ పుస్తకంలోనే కావచ్చు. హాస్టలులో ఉన్న ఆడపిల్ల, కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు, ఇంకొకరి నెట్టు వాడుకునే చుట్టం, వీళ్ళ పేరు మీద ఇలాంటి జాడ పడితే ఎవరు అడుగుతారు, ఎవరు వింటారు?

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. దినుసులు రాసుకున్నట్టే రాసుకోండి.

ముందు కంప్యూటరులో ఫైర్‌ఫాక్సు వాడేవాళ్ళు. పైన అడ్రసు గడిలో "అబౌట్" అని కొట్టి, రెండు చుక్కల కోలన్ పెట్టి, దాన్ని ఆనుకునే "కాన్ఫిగ్" అని కొట్టండి. మధ్యలో ఖాళీ వదలకూడదు. ఎంటర్ నొక్కితే, జాగ్రత్త సుమా అని ఒక హెచ్చరిక వస్తుంది. భయపడకండి, అలాగని తెలియనివి కెలకకండి. ఒప్పుకుంటున్నానని నొక్కితే వెతికే గడి వస్తుంది. అందులో మూడు పేర్లు ఒకదాని తర్వాత ఒకటి వెతకాలి.

ఒకటి: నెట్‌వర్క్ డాట్ ప్రీఫెచ్ హైఫన్ నెక్స్ట్. దీనికి ఎదురుగా "ట్రూ" అని ఉంటుంది. దాన్ని "ఫాల్స్" చెయ్యండి. పేజీలు ముందే తెచ్చే పని ఆగుతుంది.

రెండు: నెట్‌వర్క్ డాట్ డీఎన్‌ఎస్ డాట్ డిజేబుల్‌ప్రీఫెచ్. ఇక్కడ జాగ్రత్త. దీన్ని "ట్రూ" చెయ్యాలి. మొదటిదానికి తిరకాసు అన్నమాట. మొదటిది "తేనా?" అని అడుగుతోంది, వద్దంటున్నాం. రెండోది "మాననా?" అని అడుగుతోంది, అవునంటున్నాం. నేను మొదటిసారి రెండింటికీ వద్దనే చెప్పి మళ్ళీ మొదటికొచ్చాను. ఇది మారిస్తే అడ్రసులు ముందే అడిగే పని ఆగుతుంది.

మూడు: నెట్‌వర్క్ డాట్ హెచ్‌టీటీపీ డాట్ స్పెక్యులేటివ్ హైఫన్ ప్యారలల్ హైఫన్ లిమిట్. పేరు పొడుగు గానీ పని చిన్నదే. ఎదురుగా ఒక అంకె ఉంటుంది. దాన్ని తీసేసి సున్నా వెయ్యండి. బాణం ఆగగానే సంబంధం కలిపే అలవాటు మానుతుంది.

క్రోము వాడేవాళ్ళకు ఇంత తిప్పలు లేదు. కంప్యూటరులో పైన కుడిపక్క మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, పెర్ఫార్మెన్స్ అన్నచోట "ప్రీలోడ్ పేజెస్" అన్నదాన్ని ఆపెయ్యండి. ఫోనులో అయితే అవే మూడు చుక్కలు, సెట్టింగ్స్, తర్వాత ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో "ప్రీలోడ్ పేజెస్". మూడు మాటలు కనిపిస్తాయి. "నో ప్రీలోడింగ్" అన్నదాన్ని ఎంచుకోండి. ఐఫోను ఉన్నవాళ్ళు ఫోను సెట్టింగ్స్‌లో సఫారీ వెతికి, "ప్రీలోడ్ టాప్ హిట్" అన్న మీటను ఆపితే చాలు. ఒక్కో ఫోనులో ఈ పేర్లు కాస్త అటూ ఇటూగా ఉండవచ్చు. "ప్రీలోడ్" అన్న మాట పట్టుకుని వెతకండి, దొరుకుతుంది.

ఇది ఆపితే మనకు పోయేదేమిటి? పేజీ తెరుచుకోవడానికి ఒక్కోసారి రెప్పపాటు ఆలస్యం. అంతే. పాలు పొంగేదాకా నిలబడే ఓపిక ఉన్నవాళ్ళం, ఆ రెప్పపాటు ఓర్చుకోలేమా? ఓర్చుకోలేం, మాకు వేగమే కావాలి అనుకుంటే అలాగే ఉంచుకోండి, తప్పులేదు. కానీ ఉందని తెలిసి ఉంచుకోండి.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఇది ఆపేశాం కాబట్టి ఇక పట్టీలో పడ్డ ప్రతి పేరూ నిజమే అనుకోవద్దు. ప్రకటనలు వాటి పేర్లు అవి తెస్తూనే ఉంటాయి. అలాగే హిస్టరీలో లేదు కాబట్టి చూడలేదనీ అనుకోవద్దు. హిస్టరీని ఎవరైనా చెరపవచ్చు. అంటే పట్టీ నేరానికీ సాక్షి కాదు, నిర్దోషానికీ సాక్షి కాదు. పిల్లల మీద కన్నేసి ఉంచవద్దని నేను అనను. పేకాట పిచ్చి నిజంగా పట్టిన పిల్లవాడికి వేరే గుర్తులుంటాయి. డబ్బుకు లెక్క చెప్పలేకపోవడం, నిద్ర లేకపోవడం, ఫోను మన కంట పడనివ్వకపోవడం. వాటిని చూడండి. అన్నింటికంటే ముందు పిల్లవాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని అడగండి.

మా ఊరివాళ్ళకు ఈ సంగతి చెప్పాలంటే నేను కాలువ పేరు ఎత్తుతాను. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన నిజాంసాగర్ నీళ్ళు మా పొలాలకు ఆధారం. కాలువలో నీళ్ళు నిండుగా ఉన్న ఏడాది తూము కాస్త ముందే తెరిచినా ఎవరూ పట్టించుకోరు. నీళ్ళు కరువైన ఏడాది, నాటు వెయ్యని మడిలోకి నీళ్ళు పారితే ఊరంతా ఆ రైతునే అంటుంది. తూము ఎవరు తెరిచారని ముందు అడగరు. నేనూ అదే చేశాను. మడిలో నీళ్ళు చూసి రైతును తిట్టాను. తూము దగ్గరికి వెళ్ళి చూసింది తర్వాత.

సోమవారం నాడు మా వాడు పరీక్ష ఫీజు రసీదు తెచ్చాడు. నా చేతికివ్వలేదు. దేవుడి గూట్లో పెట్టి పోయాడు. దీపం పెట్టడానికి వెళ్ళి నేను చూసుకున్నాను. డబ్బు కట్టిన తేదీ నేనిచ్చిన మర్నాడే. ఆ కాగితం చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు.

ఆ రాత్రి వాడు పళ్ళెం తీసుకుని వాకిట్లోకి పోతుంటే చెయ్యి పట్టుకున్నాను. "తప్పయింది నాన్నా. నిన్ను అడగకుండా డబ్బాను నమ్మాను" అన్నాను. పక్కింటివాళ్ళకు వినపడేలాగానే అన్నాను. తిట్టింది వాళ్ళకు వినపడినప్పుడు ఇదీ వినపడాలి కదా! వాడేమీ మాట్లాడలేదు. పళ్ళెం తెచ్చి మా మధ్యలో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపయ్యాక, "పప్పు వెయ్యమ్మా" అన్నాడు.

మా వీధిలో ఇప్పటికి ఐదిళ్ళల్లో ఈ సెట్టింగు మార్చాం. రెండిళ్ళల్లో మా వాడే వెళ్ళి మార్చి వచ్చాడు. మీరూ ఈ పూట వంటయ్యాక ఒక పది నిమిషాలు తీరిక చేసుకోండి. మీకు రాకపోతే మీ పిల్లల్నే అడగండి. "ఇదేమిటో నాకు చెప్పరా" అని అమ్మ అడిగితే పిల్లలకు సంతోషంగా ఉంటుంది. అనుమానంతో అడిగే ప్రశ్నకూ తెలుసుకోవాలని అడిగే ప్రశ్నకూ తేడా వాళ్ళకు ఇట్టే తెలుస్తుంది.

కుక్కరు మూడో కూత వేసి ఉంటుంది, చూసుకోండి.